పెద్ద మోటార్‌హోమ్ ఎంపిక: ఇంజిను బలం, బండి బరువు, మన ఘాటీలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఇంటిల్లిపాదీ సొంత బండిలో అరకుకో, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్‌కో, ఇచ్ఛాపురం దాటి పూరీకో వెళ్లి, దారిలోనే వండుకుని, బండిలోనే పడుకోవాలనుకునేవారు ఈ మధ్య పెరుగుతున్నారు. ఇద్దరు ముగ్గురికి సరిపడే చిన్న క్యాంపర్‌తో మొదలుపెట్టినవారు ఆరుగురికో ఎనిమిదిమందికో సరిపోయే పెద్ద మోటార్‌హోమ్ గురించి ఆలోచించేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇంజిను ఎన్ని హార్స్ పవర్? అడగవలసిన ప్రశ్నే గాని, అది సగం ప్రశ్న. సామాను, నీళ్లు, మనుషులు అందరూ ఎక్కాక బండి ఎన్ని టన్నులు తూగుతుంది, ఆ బరువుకు ఛాసిస్ (బాడీ కట్టకముందు ఇంజిను, చక్రాలతో ఉండే చట్రం) తయారుచేసినవారి అనుమతి ఉందా అన్నవి మిగిలిన సగం. ఇంజిను బలం కొన్నరోజే స్థిరపడిపోతుంది. బరువు మాత్రం బాడీ కట్టించే ప్రతి రోజూ, ప్రయాణానికి సర్దుకునే ప్రతిసారీ మన నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల పోలిక బరువు వైపు నుంచి మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

క్యారవాన్ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది సినిమా షూటింగుల దగ్గర ఆగి ఉండే బండి. దాన్ని నమూనాగా తీసుకోకూడదు. అది రోజంతా ఒకచోట నిలబడి ఉంటుంది, తోలేది వృత్తిగా చేసే డ్రైవరు, లోపల ఎంత బరువున్నా అడిగేవారు ఉండరు. కుటుంబంతో ఘాటీలు ఎక్కి దిగవలసిన బండికి కావలసిన గుణాలు వేరు.

చదును రోడ్డు చెప్పని సంగతి

16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాకా నడిపి చూసి బండి బాగుందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే చదును రోడ్డు బరువును దాచిపెడుతుంది. ఐదు టన్నుల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో చదునుగా సాగడానికి ఇంజిను నుంచి ఉజ్జాయింపుగా 55 నుంచి 60 హార్స్ పవర్ సరిపోతుంది. అందులో మూడింట రెండు వంతులు గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది గనుక, అక్కడ లెక్కకు వచ్చేది బండి ఎత్తూ వెడల్పూ తప్ప బరువు కాదు. ఆ వేగంలో ఇంకో టన్ను బరువు చేర్చినా అదనంగా కావలసింది నాలుగు హార్స్ పవర్ మాత్రమే. డ్రైవరుకు ఆ తేడా తెలియను కూడా తెలియదు. షోరూము వారు పరీక్షకు ఇచ్చే ఖాళీ బండి, దాన్ని తీసుకెళ్లే బైపాసు రోడ్డు, రెండూ ఈ కారణంగానే మనకు ఏమీ నేర్పవు.

ఘాటీలో లెక్క తారుమారవుతుంది. వంద మీటర్లకు ఎనిమిది మీటర్ల చొప్పున ఎత్తు పెరిగే ఎక్కుడు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకోవాలంటే, గేర్లలో, ఇరుసులో పోయే నష్టం కూడా కలుపుకుని, ప్రతి టన్నుకూ సుమారు 16 హార్స్ పవర్ కావాలి. గాలికి పోయేది ఇక్కడ చాలా స్వల్పం. 30 కిలోమీటర్ల వేగానికి టన్నుకు 12, లారీలు పాకినట్టు పోయే 20 కిలోమీటర్ల వేగానికి 8 చాలు. అంటే చదును మీద నాలుగు హార్స్ పవర్ అడిగిన అదే అదనపు టన్ను ఎక్కుడు మీద పదహారు అడుగుతుంది. ఇంజిను తన పూర్తి బలాన్ని ఒక నిర్దిష్టమైన వేగంతో తిరిగేటప్పుడే ఇస్తుంది, ఘాటీ మలుపుల్లో ఎప్పుడూ ఆ వేగం దగ్గర ఉండలేం గనుక, కాగితం మీద రాసిన బలంలో ముప్పాతిక మాత్రమే చేతికి వస్తుందని అనుకోవడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఆ విధంగా చూస్తే, ప్రయాణానికి సిద్ధమైన బరువు మీద టన్నుకు 20 హార్స్ పవర్, ఆ పైన ఉన్న బండి ఘాటీలో సుఖంగా నడుస్తుంది. 15 దగ్గర ఉన్నది ఓపిక ఉన్నవారికి పనికొస్తుంది. 12 కంటే తక్కువకు దిగితే వెనుక వాహనాల వరుస పేరుకుపోతూనే ఉంటుంది, క్లచ్ ప్లేటు ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది.

టన్నుకు ఇంత అని చూసే పద్ధతి మన రోడ్లకు కొత్తేమీ కాదు. టాటా లారీల ముందు భాగంలో కనిపించే అంకెల్లోనే ఆ లెక్క ఉంది: 709 అంటే సుమారు 7 టన్నులు, 90 హార్స్ పవర్, 1109 అంటే 11 టన్నులు, 90, 1613 అంటే 16 టన్నులు, 130. ఇవి ఉజ్జాయింపు అంకెలే అయినా, 1613 మీద టన్నుకు 8 మాత్రమే పడుతుందని చూసిన వెంటనే తెలిసిపోతుంది. లారీలకు పేరుపడ్డ సాలూరు నుంచి నిండు లోడుతో బయలుదేరిన బండి సుంకి ఘాటీలో ఎందుకంత నెమ్మదిగా ఎక్కుతుందో ఆ అంకెలే చెబుతాయి. సరుకు లారీకి అది తప్పు కాదు, దాని లెక్క కిరాయితో ముడిపడింది. పిల్లలతో, పెద్దవారితో ప్రయాణించే బండికి మాత్రం ఆ నిష్పత్తి చాలదు.

హార్స్ పవర్ కాగితం, లాగే బలం

రెండు ఇంజిన్లను కేవలం హార్స్ పవర్ మీద పోల్చడంలో ఒక చిక్కు ఉంది. ఫోర్స్ ట్రావెలర్‌లో ఉండే 2.6 లీటర్ల డీజిల్ ఇంజిను బలం 115 హార్స్ పవర్, టార్క్, అంటే తిప్పి లాగే బలం, 350 న్యూటన్ మీటర్లు. పికప్ మీద క్యాంపర్ కట్టించేవారు ఎంచుకునే ఇసుజు వి-క్రాస్‌లోని 1.9 లీటర్ల ఇంజిను బలం 163 హార్స్ పవర్, టార్క్ 360. కాగితం మీద రెండోది చాలా ముందుంది. అయితే నిమిషానికి 2,000 చుట్ల దగ్గర, అంటే ఘాటీలో మనం ఎక్కువసేపు ఉండే చోట, రెండూ ఇచ్చేది దాదాపు సమానమే, ఇంచుమించు నూరు హార్స్ పవర్. మిగిలిన బలం కావాలంటే ఇసుజు ఇంజినును 3,600 చుట్ల దాకా తిప్పాలి. తేలికైన పికప్‌కు అది బాగానే ఉంటుంది గాని, బరువైన ఇంటిని మోసుకుపోయే బండిలో అలా గంటసేపు తిప్పడం ఇంజినుకూ, లోపల కూర్చున్నవారి చెవులకూ మంచిది కాదు.

అందుచేత పట్టికలో గరిష్ఠ బలం కంటే, టార్క్ ఎన్ని చుట్ల దగ్గర మొదలై ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. మొదటి గేరు నిష్పత్తి, వెనుక ఇరుసు నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిను ఎన్ని చుట్లు తిరగాలో తేల్చేవి ఇవే) ఏమిటో కూడా అడగాలి. ప్రయాణికుల కోసం చేసిన బండికి హైవే వేగం దృష్టిలో పెట్టుకుని ఇరుసు నిష్పత్తి నిర్ణయిస్తారు, సరుకు బండికి లాగడం దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. అదే ఇంజిను ఈ రెండింటిలో ఉన్నా, ఎక్కుడు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. అనంతగిరి ఘాటీలో ఎదురుగా బస్సు వచ్చి మలుపులో ఆగవలసి వచ్చినప్పుడు మనకు అక్కరకొచ్చేది ఆ మొదటి గేరే.

బరువు ఎక్కడినుంచి వస్తుంది

బాడీ కట్టించేటప్పుడు ఒక్కొక్కటీ చిన్నదిగానే కనిపిస్తుంది, అన్నీ కలిపితేనే దాని సంగతి తెలుస్తుంది. లీటరు నీరు కిలో బరువు గనుక 300 లీటర్ల ట్యాంకు నింపితే 300 కిలోలు. వాడిన నీరు పట్టే ట్యాంకు కూడా ఉంటుంది గాని, మంచినీరు తగ్గినకొద్దీ అది నిండుతుంది కాబట్టి రెండూ కలిపి లెక్కపెట్టనక్కరలేదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటి సుమారు 35 కిలోలు తూగుతుంది; మంచాలకు, అలమరలకు, అడ్డుగోడలకు ఇరవై షీట్లు వాడితే 700 కిలోలు అయినట్టే. అదే పనిని 12 మిల్లీమీటర్ల షీటుతో, అల్యూమినియం చట్రంతో చేయించుకుంటే రెండు వందల కిలోలకు పైగా తగ్గించవచ్చు. వంటగట్టుకు గ్రానైటు వేయించాలన్న సరదా మన ఇళ్లలో చాలామందికి ఉంటుంది. రెండు సెంటీమీటర్ల మందం గ్రానైటు చదరపు మీటరుకు 54 కిలోల వరకు తూగుతుంది, పైగా కుదుపులకు పగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు అన్నివిధాలా మేలు.

ఇన్వర్టరుకు ఇంట్లో వాడే ట్యూబులర్ బ్యాటరీలు ఒక్కొక్కటి 50 కిలోలు దాటుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంత పనినీ నాలుగో వంతు బరువులోనే చేస్తుంది. ధర ఎక్కువన్నది నిజమే, అయినా ఇంజిను బలం పెంచుకోవడానికి పై మోడల్‌కు వెళ్లే ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే. నిండు గ్యాసు సిలిండరు 30 కిలోలు. ఆరుగురు మనుషులు 400 కిలోలు. బియ్యం బస్తా, స్టీలు గిన్నెలు, పరుపులు, దుప్పట్లు, మడత కుర్చీలు, తిరుగు ప్రయాణంలో పలాసలో కొన్న జీడిపప్పు, అరకులో కొన్న కాఫీ పొడి దాకా అన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి. పైన ఏసీ, సోలార్ పలకలు, సామాను పెట్టె ఎక్కిస్తే బరువుతోపాటు ఎత్తు కూడా పెరిగి, ఘాటీ మలుపుల్లో బండి ఒరుగుతున్నట్టు అనిపిస్తుంది.

మూడు దారులు

మొదటిది ట్రావెలర్, అర్బేనియా తరహా వ్యాను. 115 హార్స్ పవర్ ఇంజినుతో నాలుగున్నర టన్నుల దగ్గర నడిస్తే టన్నుకు 25 పైన పడుతుంది. నిష్పత్తి ఒక్కటే చూస్తే ఈ మూడింటిలో ఇదే మొదటి స్థానంలో ఉంటుంది. ఇంధనం తక్కువ తాగుతుంది, ఊళ్లోని సందుల్లో తిరుగుతుంది, ఏ పట్టణంలోనైనా మెకానిక్‌కు తెలిసిన బండి. దీని ఇబ్బంది ఇంజినులో లేదు, మోయగలిగే బరువులో ఉంది. బండికి అనుమతించిన మొత్తం బరువు 4,600 కిలోలనీ, లోపలి పని పూర్తయ్యాక ఖాళీ బండి 3,900 తూగిందనీ అనుకుందాం. మిగిలింది 700. ఆరుగురు మనుషులకు 400, నీటికి 200 తీసేస్తే బట్టలకు, బియ్యానికి, గ్యాసుకు మిగిలేది నూరు కిలోలు. అంటే ఇంజిను ఇంకా లాగగలిగినా, బ్రేకులు, టైర్లు, కమాను పట్టీలు అప్పటికే తమ హద్దుకు చేరుకున్నాయి. నలుగురి కుటుంబానికి ఇది నిస్సందేహంగా మంచి ఎంపిక. ఆరుగురు దాటితే కాదు.

రెండోది ఏడు, ఏడున్నర టన్నుల తరగతి ఛాసిస్. టాటా 712 వంటి సరుకు ఛాసిస్‌లు, ఐషర్, అశోక్ లేలాండ్ కంపెనీల చిన్న బస్సు ఛాసిస్‌లు ఇందులోకి వస్తాయి. 120 హార్స్ పవర్ బండిని పూర్తిగా ఏడున్నర టన్నులకు నింపితే టన్నుకు 16 మాత్రమే, అది అంతంతమాత్రం. అదే బండిని బాడీ, మనుషులు, నీళ్లు అన్నీ కలిపి ఆరు, ఆరుంబావు టన్నుల దగ్గర ఆపగలిగితే టన్నుకు 19, 20 వస్తుంది, పైగా టన్నుకు మించిన వెసులుబాటు మిగిలే ఉంటుంది. బ్రేకులు ఏడున్నర టన్నుల కోసం చేసినవి, మోస్తున్నది ఆరు. ఘాటీ దిగేటప్పుడు ఈ తేడాయే మనకు రక్ష. సరుకు ఛాసిస్ మీద కట్టిస్తే కుదుపు ఎక్కువగా ఉంటుంది, దానికి వెనుక కమాను పట్టీలను తగిన విధంగా మార్పించుకోవలసి వస్తుంది. అయినా ఆరుగురి నుంచి ఎనిమిదిమంది వరకు ఉన్న కుటుంబానికి ఈ జిల్లాల నుంచి తిరగడానికి నేను చెప్పేది ఈ తరగతి ఛాసిస్సే, నింపకుండా వాడుకోవాలన్న షరతుతో.

మూడోది పూర్తిస్థాయి బస్సు ఛాసిస్. భారత్‌బెంజ్ 1624 ను తీసుకుంటే, పేరులోనే ఉన్నట్టు 16 టన్నులు, 240 హార్స్ పవర్. నిండుగా టన్నుకు 15, పదమూడు టన్నుల దగ్గర ఆపితే 18. గాలి బ్రేకులు, ఇంజిను పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటాయి, నీరు వెయ్యి లీటర్లు నింపినా ఛాసిస్‌కు లెక్కలోకి రాదు. అయితే ఇది కుటుంబం బండి కాదు, అద్దెకు తిప్పేవారి బండి. దీనికి భారీ వాహనం లైసెన్సున్న డ్రైవరు కావాలి, నిలపడానికి స్థలం కావాలి, ఆరు టైర్లు ఒకేసారి మార్చవలసి వస్తే ఆ ఖర్చు చిన్నది కాదు. ఆర్టీసీ బస్సులు అరకు వెళ్తున్నాయి కదా అని కొందరంటారు. నిజమే, కానీ ఆ డ్రైవర్లకు ప్రతి మలుపూ కంఠతా వచ్చు, బస్సు బస్టాండులో ఆగుతుంది. మన బండి తోట పక్కకో, ఏటి ఒడ్డుకో దిగాలి. అక్కడ పదకొండు మీటర్ల బండిని వెనక్కి తిప్పడం వేరే విద్య.

దిగుడు

ఎక్కేటప్పుడు బలం చాలకపోతే ఆలస్యమవుతుంది, అంతే. దిగేటప్పుడు బరువు ఎక్కువైతే ప్రమాదం. ఐదు టన్నుల బండి 800 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవలసిన శక్తి సుమారు 11 యూనిట్ల కరెంటుకు సమానం, అంటే వెయ్యి వాట్ల హీటరు పదకొండు గంటలు కాలినంత వేడి. పది టన్నులైతే దానికి రెట్టింపు. కోరాపుట్ నుంచి సాలూరు దిగినా, అరకు నుంచి శృంగవరపుకోట దిగినా తేడా ఇంచుమించు అంతే ఉంటుంది. గాలికీ, టైర్ల రాపిడికీ పోయినదిపోగా ఆ వేడిని బ్రేకులు మోయాలి, లేదా ఇంజిను మోయాలి. పెద్ద ఇంజినుకు ఉన్న అసలైన లాభం ఎక్కుడు వేగం కాదు, దిగుడులో కింది గేరులో ఎక్కువ బరువును పట్టి ఉంచగలగడం. ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న మోడల్, లేని మోడల్ రెండూ దొరికే చోట, హార్స్ పవర్ కొంత తక్కువైనా ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్నదాన్నే తీసుకోవాలి. న్యూట్రల్‌లో దిగి డీజిల్ మిగుల్చుకునే అలవాటున్న డ్రైవరును అటువంటి బండి ఎక్కించకపోవడమే మంచిది.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ అన్నది కూడా చూడాలి. వెనుక ఇరుసు దాటి బయటకు పొడుచుకువచ్చే భాగం, చక్రాల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. ఆ హద్దులోనే ఉన్నా, నీటి ట్యాంకును, బ్యాటరీలను, జనరేటరును తీసుకెళ్లి వెనుక కొసన పెడితే వెనుక ఇరుసు మీద భారం పెరిగి, ముందు చక్రాలు తేలికై, ఎక్కుడు మీద స్టీరింగు పట్టు తగ్గుతుంది. ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా ఉండాలి. మొత్తం బరువు హద్దులో ఉండి కూడా వెనుక ఇరుసు ఒక్కటే హద్దు దాటిన బండ్లు తయారయ్యేది ఈ పొరపాటు వల్లనే.

చట్టం సంగతి క్లుప్తంగా. 7,500 కిలోల మొత్తం బరువు వరకు ఉన్న వ్యాన్లు, చిన్న బస్సులు తేలికపాటి వాహనాల కిందకు వస్తాయి. ఆ లైసెన్సుతోనే ఆ బరువు వరకు రవాణా వాహనాలు కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది. రెండో తరగతి బండికి ఇది పెద్ద వెసులుబాటు. అనుమతించిన బరువు దాటితే 2019 సవరణ తర్వాత 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000. పాత బస్సునో వ్యానునో కొని లోపల మార్పించుకోదలచినవారు, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద రవాణా శాఖ అనుమతి లేకుండా రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని గుర్తుంచుకోవాలి. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరుగా ఉంది. బాడీ కట్టేవారికి దాని ప్రకారం ఆమోదం ఉందో లేదో మాట ఇచ్చేముందే అడగాలి.

కొనేముందు చేయవలసిన పరీక్ష కష్టమైనదేమీ కాదు. నీళ్ల క్యాన్లతోనో ఇసుక బస్తాలతోనో మీ కుటుంబమంత బరువు ఎక్కించి, శృంగవరపుకోట దాటి ఘాటీ మొదలయ్యేదాకా తీసుకెళ్లండి. ఎక్కుడు మధ్యలో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, క్లచ్ కాలిన వాసన రాకుండా మళ్లీ కదులుతుందేమో చూడండి. ఏ గేరులో 40 వేగం నిలబడుతోందో, ఆ గేరులో ఇంజిను ఎన్ని చుట్ల మీద ఉందో చూడండి. తిరిగి దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దింపి, బ్రేకు ఎన్నిసార్లు తొక్కవలసి వచ్చిందో గమనించండి. ఘాటీ దాకా బండి ఇవ్వనని డీలరు అంటే, పట్టణంలోని రైల్వే వంతెన ఎక్కుడు మీద ఆపి కదిలించి చూసినా ఎంతోకొంత తెలుస్తుంది.

వాడిన మోటార్‌హోమ్ కొనేవారు ఆర్సీలో ఉన్న ఖాళీ బరువును నమ్మకూడదు, ఆ తర్వాత అలమరలూ బ్యాటరీలూ చేరి ఉంటాయి. నెల్లిమర్ల, రాజాం, నరసన్నపేట చుట్టుపక్కల మిల్లుల దగ్గర లారీలను తూచే కాటాలు ఉంటాయి, తూచినందుకు తీసుకునేది స్వల్ప మొత్తమే. ముందు మొత్తం బండిని, తర్వాత ముందు చక్రాలను మాత్రమే, ఆ తర్వాత వెనుక చక్రాలను మాత్రమే ఎక్కించి మూడు చీటీలు తీసుకోవాలి. వాటిని తలుపు దగ్గర బిగించిన కంపెనీ పలకపై ఉన్న అంకెలతో సరిపోల్చాలి. కొత్తగా కట్టించుకునేవారు ఇదే పనిని ఒప్పందంలో రాయించుకోవడం మేలు: పని పూర్తయ్యాక, ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు బండి ఇన్ని కిలోలు మించకూడదు, తూకం ఇద్దరి ఎదుట జరగాలి, చివరి వాయిదా సొమ్ము ఆ చీటీ చేతికి వచ్చాకే ఇవ్వాలి. బరువు మించితే ఏ అలమర తీసేస్తారో, ఏ షీటు మారుస్తారో, ఆ ఖర్చు ఎవరిదో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.